టాన్ మీట నొక్కుతూ పోతే

అందరూ ఫోన్లో కాల్క్యులేటర్ తెరవండి. డిగ్రీల్లో ఉంటే రేడియన్లలోకి మార్చుకోండి, లేకపోతే మీ లెక్క, నా లెక్క కలవవు. 1 కొట్టి టాన్ నొక్కండి. 1.56 వచ్చిందా? చెరపకుండా మళ్ళీ నొక్కండి. 74.69. ఇంకోసారి నొక్కితే మైనస్ 0.86. తర్వాత మైనస్ 1.17, మైనస్ 2.36, ఆపైన 0.99. తిరిగి 1 దగ్గరికే వచ్చేశామని సంబరపడకండి. ఇంకో రెండుసార్లు నొక్కితే ఈసారి 74 రాదు, 30.6 వస్తుంది. బయల్దేరిన చోట తేడా 0.006 కూడా లేదు.

ఎందుకిలా? 1 పక్కనే, 1.0039 దగ్గర ఒక సంఖ్య ఉంది. దాని టాన్ సరిగ్గా పై బై 2. పై బై 2 దగ్గరేమో టాన్‌కి ధ్రువం ఉంది, అక్కడ విలువ అనంతానికి పోతుంది. కాబట్టి ఆ సంఖ్యతో మొదలుపెట్టినవాడి ఆట రెండో నొక్కుకే ఆగిపోతుంది. వాస్తవ రేఖ మీద ఎంత చిన్న ముక్క కోసినా, ఏదో ఒక మెట్టులో ధ్రువంలో పడే సంఖ్యలు అందులో ఉంటాయి. రేఖంతా గుంతలే అన్నమాట!

ఇప్పుడు రేఖ దిగి సంకీర్ణ తలంలోకి, అంటే మైనస్ 1 వర్గమూలమైన ఐ కూడా కలిసిన సంఖ్యల తలంలోకి రండి. వెంట్రుకవాసి పైకో కిందికో జరిగితే చాలు, ఈ గోల ఉండదు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి 0 వైపే నడక. ఈ నెమ్మదైన ప్రాంతాన్ని ఫాటూ సమితి అంటారు, అల్లరి రేఖను జూలియా సమితి అంటారు. ఈ పేర్లు ఇద్దరు ఫ్రెంచి గణితజ్ఞులవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న జూలియా, పారిస్ అబ్జర్వేటరీలో పనిచేసిన ఫాటూ ఒకే కాలంలో, విడివిడిగా ఈ దారి తొక్కారు. జూలియా పేరు అందరికీ తెలుసు. నాకు మాత్రం ఫాటూ మీదే గురి. 1926లో ఆయన ధ్రువాలు లేని ఎక్స్‌పొనెన్షియల్ లాంటి ప్రమేయాల వైపు తిరిగాడు. టాన్ లాంటి, ధ్రువాలున్న మెరోమార్ఫిక్ ప్రమేయాలను బేకర్, కోటుస్, ల్యూ అనే గణితజ్ఞులు కలిసి వరుసగా పట్టించుకున్నది 1990 ప్రాంతంలో!

0 వైపు నడక అన్నాను గానీ, అది నత్తనడక. ఐ నుంచి బయల్దేరితే 0.76 ఐ, 0.64 ఐ, 0.57 ఐ. నమ్మకం లేకపోతే 1 కొట్టి టాన్‌హెచ్ (tanh, హైపర్‌బోలిక్ టాన్) మీట నొక్కుతూ పోండి, ఐ లేకుండా అవే అంకెలు వస్తాయి. 0.01కి చేరాలంటే మాత్రం సుమారు 15,000 సార్లు నొక్కాలి.