పెచ్చు ఊడింది ఒకచోట, డొల్ల ఎంతవరకు?

నమస్కారం అండీ. ఈ స్లాబు అడుగు భాగం చూడండి. అరచెయ్యంత పెచ్చు ఊడిపోయి, తుప్పు పట్టిన కడ్డీ బయటికి కనిపిస్తోంది. చాలామంది ఆ అరచెయ్యంత మేరకే సిమెంటు పూయించి ఊరుకుంటారు. కొన్నాళ్లకి పక్కనే మళ్లీ ఊడుతుంది, డబ్బూ పోతుంది. నాకు బాధ అనిపించేది ఇదే. ఎందుకంటే ఎంతవరకు పాడైందో తెలుసుకోవడానికి ఒక చిన్న సుత్తి, ఒక సుద్దముక్క చాలు.

కుండ కొనేముందు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. ముందు హెల్మెట్, కళ్లద్దాలు పెట్టుకోండి, ఊడేది నెత్తిమీదే పడుతుంది. గట్టిగా ఉన్న వైపు మొదలుపెట్టి, మెల్లగా కొడుతూ ఊడిన చోటు వైపు రండి. వినండి... టంగ్, టంగ్. ఇక్కడ కాంక్రీటు గట్టిగా ఉంది. ఇప్పుడు ఇక్కడ... డబ్, డబ్. తేడా తెలిసిందా? శబ్దం మారిన ప్రతిచోటా సుద్దతో ఒక చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలిపితే చూడండి, అరచెయ్యంత అనుకున్నది చాపంత తేలింది! అదీ కడ్డీ వెంటే పొడుగ్గా సాగింది. ఇనుము తుప్పు పడితే కనీసం రెండింతలు ఉబ్బుతుంది, ఆ ఉబ్బే కాంక్రీటును పగలగొట్టి కిందికి తోస్తుంది.

ఒక్కోసారి డొల్ల ప్లాస్టరింగులోనే ఉంటుంది. అందుకని కొంచెం ప్లాస్టరింగు తీసేసి, కాంక్రీటు మీద మళ్లీ కొట్టి చూడండి.

పిల్లర్ లోపల లోతుగా ఉన్న లోపం మాత్రం సుత్తికి అందదు. దానికి యూపీవీ టెస్ట్ చేయించాలి, అంటే అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ, చెవికి వినపడని శబ్ద తరంగం కాంక్రీటులో ఎంత వేగంగా వెళ్తుందో కొలవడం. ఎదురెదురు ముఖాల మీద గ్రీజు రాసి, ఒకవైపు నుంచి తరంగం పంపి, రెండోవైపు అందుకుంటారు. ఒక లెక్క చెప్తాను. పిల్లర్ మందం 300 మిల్లీమీటర్లు. తరంగం దాటడానికి 75 మైక్రోసెకన్లు పట్టిందంటే సెకనుకు 4 కిలోమీటర్ల వేగం, మంచి కాంక్రీటే. ఒక అడుగు కింద 110 పట్టిందనుకోండి, వేగం 2.7కి పడిపోయినట్టు. లోపల పగులో ఖాళీయో ఉంటే తరంగం దాన్ని చుట్టి రావాలి, అందుకే ఆలస్యం. 3 కంటే తగ్గితే అనుమానించాల్సిందే. అయితే గ్రీజు సరిగా అంటకపోయినా అంకె తప్పుతుంది, అందుకే అదే చోట రెండు మూడుసార్లు కొలవమనండి. దారిలో కడ్డీ అడ్డొస్తే వేగం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి కడ్డీలు లేని చోటు చూసి పెట్టాలి.

పిల్లర్‌లో ఇలా తేలితే మీరే చెక్కడం మొదలుపెట్టకండి. పైబరువుకి జాకీలు పెట్టించి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిచి, సుద్దగీతలు చెరపకుండా చూపించండి.