ఏడాదికి ఎంత పడుతుంది?

అందరికీ నమస్కారం. పెద్దలకి, ఇంత ఎండలో పిల్లల్ని తీసుకుని వచ్చిన తల్లులకి, పొద్దుటి నుంచి ఈ కుర్చీలన్నీ వేసిన కుర్రాళ్లకి, వెనక టీ కాస్తున్న అన్నయ్యగారికి. పేర్లు చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి, అందుకని చెప్పను.

సంఘం వాళ్లు నన్ను "ఇంటి ఖర్చుల్లో పొదుపు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. నేను ఒక్క కార్డు గురించి మాట్లాడతాను. కాస్ట్‌కో కార్డు, ఏడాది రుసుము కట్టిన సభ్యులకే సరుకు టోకున అమ్మే ఆ పెద్ద కొట్టుది. అందులోనూ ఆ నల్ల కార్డు, ఎగ్జిక్యూటివ్ మెంబర్‌షిప్. ఈ డాలస్ చుట్టుపక్కల కొత్తగా కాపురం పెట్టిన ప్రతి జంటా మొదటి నెలలోనే అడిగే ప్రశ్న, ఆ కార్డు తీసుకోవాలా వద్దా అని. దానికి మనం, పాతవాళ్లం, ఆలోచించకుండా ఇచ్చే జవాబు నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

పోయిన దసరాకి మా ఇంటికి బొమ్మల కొలువు చూడ్డానికి ఒకమ్మాయి వచ్చింది. పెళ్లయి ఏడాది. అబ్బాయికి ఉద్యోగం, ఈ అమ్మాయికి వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. ఒక పడగ్గది అపార్ట్‌మెంటు. మాటల్లో ఎగ్జిక్యూటివ్ తీసుకున్నామని చెప్పింది. ఎందుకమ్మా అన్నాను. "అందరూ అదే తీసుకోమన్నారు ఆంటీ, డబ్బులు వెనక్కి వస్తాయట" అంది. నెలకి అక్కడ ఎంత కొంటారు అని అడిగితే తెలియదంది. బియ్యం, పప్పులు, కరివేపాకు, చింతపండు అన్నీ ఇండియన్ స్టోరులోనే. కాస్ట్‌కోలో పాలు, పెరుగు, వెన్న, టిష్యూలు, కారుకి గ్యాస్, అంటే పెట్రోలు. ఇద్దరు మనుషులు. ఆ "అందరూ" ఎవరు? మనమే. ఈ హాల్లో కూర్చున్నవాళ్లమే.

ముందు లెక్క చెప్పేస్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. మామూలు కార్డు ఏడాదికి 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ 130. 2024 సెప్టెంబరు 1 నుంచి ఈ ధరలు. అంతకుముందు 60, 120 ఉండేవి. అంటే పెద్ద కార్డుకి మనం అదనంగా కట్టేది 65. దానికి బదులు, కొన్న సరుకుల మీద నూటికి రెండు డాలర్లు ఏడాది చివర రివార్డుగా వస్తాయి, 1,250 డాలర్ల దాకా. ఆ పై హద్దు సంగతి మనకి అక్కర్లేదు, దాన్ని అందుకోవాలంటే 62,500 డాలర్ల సరుకు కొనాలి. మనకి కావలసింది కింది హద్దు. అరవై అయిదు డాలర్లు రెండు శాతంలో రావాలంటే 3,250 డాలర్ల సరుకు కొనాలి. నెలకి సుమారు 271. అంతకంటే తక్కువైతే అదనపు సొమ్ము పోయినట్టే. మొత్తం 130 తిరిగి రావాలంటే 6,500 కొనాలి.

ఇక్కడొక తిరకాసు ఉంది. మీ బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించే అంకె ఈ లెక్కకి పనికిరాదు. గ్యాస్ మీద ఈ రెండు శాతం రాదు. ఫుడ్ కోర్టులో తిన్నదాని మీద రాదు. సేల్స్ ట్యాక్సు మీద రాదు. "మేం నెలకి నాలుగు వందలు పెడతాం కదండీ" అన్నవాళ్లని గ్యాస్ తీసేసి చూపించమన్నాను. అందులో నూట ఎనభై గ్యాసే ఉన్నవాళ్లు ఉన్నారు. గ్యాస్ చవగ్గా దొరకడం నిజంగా లాభమే, కాదనను. గ్యాలనుకి పావు డాలరు మిగిలి, వారానికి పన్నెండు గ్యాలన్లు పోయించుకుంటే ఏడాదికి 156 డాలర్లు మిగులుతాయి. కానీ ఆ లాభం 65 డాలర్ల కార్డుకీ వస్తుంది. పెద్ద కార్డు ఉన్నంత మాత్రాన బంకులో పైసా తగ్గదు.

బంగారం సంగతి ఎవరో ఒకరు అడుగుతారు, నాకు తెలుసు. 2023 నుంచి బిస్కెట్లు అమ్ముతున్నారు. బంగారం కొనాలని ముందే అనుకున్నవాళ్లు కొనుక్కోండి. కార్డు గిట్టుబాటు కావడం కోసం మాత్రం కొనకండి. ఒకసారి కొంటే వాళ్లు వాపసు తీసుకోరు.

మా అమ్మ గురించి చెప్పాలి. చెప్పకుండా ఈ మాట ముందుకి పోదు.

మాది తెనాలి దగ్గర పల్లె. ఇంట్లో ఏడుగురం. మాఘమాసం దాటి ఎండలు ముదిరే లోపల మా అమ్మ ఏడాది సరుకు కొనేది. కందులు, మినుములు, ఎండుమిరపకాయలు, చింతపండు, పసుపు, ధనియాలు. కందులు మర ఆడించి, పప్పుకి ఆముదం పట్టించి, డబ్బాల్లో వేపాకు వేసి మూత బిగించేది. చింతపండు గింజ తీసి, ఈనెలు తీసి, ఉప్పు కలిపి ముద్దలు చేసి జాడీలోకి అదిమేది. మామిడికాయలు రాగానే ఆవకాయ. మీలో చాలామంది ఇళ్లలో ఇదే జరిగేది, కాదా? తలలూపుతున్నారు. టోకున కొనడం మనకి ఈ దేశం వచ్చాక తెలిసిన సంగతి కాదమ్మా. మన ఇళ్లల్లోనే గిడ్డంగులు ఉండేవి. గాదెలు, గుమ్ములు అన్నవి అవే కదా.

మా వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో రాసిన అంకెలు ఉండేవి. కందిపప్పు 40. చింతపండు 14. మిరపకాయలు 12. అన్నీ కిలోలు. మా అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఆమెకి ఆ ఇంటికి ఏడాదికి ఏది ఎంత పడుతుందో తెలుసు. బజారులో కందులు ఎంత చవగ్గా ఉన్నా 40 కిలోల పప్పుకి సరిపడేదానికంటే ఎక్కువ కొనేది కాదు. మా అక్క పెళ్లయి వెళ్లిన ఏడు, మాఘమాసంలో, తడిగుడ్డతో ఆ అంకెలు తుడిచి మళ్లీ రాసింది. కందిపప్పు 34. నేను పక్కనే ఉన్నాను. రాసేటప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రెండేళ్లకి అక్క పురిటికి వచ్చింది. అప్పుడు మళ్లీ తుడిచి రాసింది.

ఏడాదికి ఎంత పడుతుంది? కార్డు కావాలా వద్దా అని నన్ను అడిగే ప్రతివాళ్లనీ నేను తిరిగి అడిగేది ఇదే. చెప్పగలిగినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో.

నేనూ చెప్పగలిగేదాన్ని కాదు. 2009 ఫిబ్రవరిలో మా వారి కాంట్రాక్టు ఆగిపోయింది. ఆ రోజులు గుర్తున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. చిన్నపిల్లలు ఇద్దరు, ఇల్లు కొని రెండేళ్లు. ఒకరోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక, డ్రాయరులో పడేసిన ఏడాది బిల్లులన్నీ కార్పెట్ మీద పరిచాను. అప్పుడు కార్డులు 50, 100 ఉండేవి, మాది వంద డాలర్లది. గ్యాస్ తీసేస్తే ఏడాదికి మేం కొన్నది 1,900 డాలర్లు. వచ్చిన రివార్డు 38. యాభై అదనంగా కట్టి ముప్ఫై ఎనిమిది తెచ్చుకున్నాం. పోయింది పన్నెండు డాలర్లే కదా అంటారు. ఆ పన్నెండు డాలర్లకి నేను ఏడవలేదు. బిల్లులు ఒక్కొక్కటే చదువుతుంటే, ఏది తిన్నాం, ఏది పారేశాం అన్నది గుర్తొచ్చింది. పాలకూర డబ్బా ప్రతిసారీ సగం. బ్రెడ్డు జంటలో రెండోది. ఎవరూ ముట్టని పెద్ద సీసా మయొనైజ్. అడుగున బూజు పట్టిన స్ట్రాబెర్రీలు. ఓ కాగితం తీసుకుని పారేసినవాటి చిట్టా రాశాను. నాకు గుర్తున్నంత మటుకే రెండు వందల డాలర్లు దాటింది. "ఎలాగూ రెండు శాతం వెనక్కొస్తుంది" అనుకుంటూ బండిలో వేసుకున్నవే అవన్నీ. రెండు డాలర్లు రావాలంటే ముందు వంద పెట్టాలి. ఆ వందలో తొంభై ఎనిమిది మన చేతినుంచి పోయేవే.

ఆ రాత్రి నాకు తలుపు వెనక అంకెలు గుర్తొచ్చాయి.

మర్నాడు వెళ్లి మామూలు కార్డుకి మార్చుకున్నాను. అలాగని పెద్ద కార్డే చెడ్డదని నేను అనడం లేదు, దయచేసి అలా తీసుకెళ్లకండి. 2014లో మా అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చి మాతో ఉన్నారు. పిల్లలు ఎదిగే వయసు. ఆరుగురం. వారానికి నాలుగు గ్యాలన్ల పాలు. నెలకోసారి వెన్న తెచ్చి నెయ్యి కాచేదాన్ని. మావయ్యగారి కళ్లజోళ్లు, కారు టైర్లు అక్కడే కొన్నాం. అప్పుడు పెద్ద కార్డు 110. ఏడాదికి 5,600 కొన్నాం, 112 వెనక్కొచ్చింది. రుసుము మొత్తం తిరిగొచ్చినట్టే. ఆ ఇంటికి ఆ కార్డు సరైనది. అదే ఇంట్లో 2023కి ఇద్దరం మిగిలాం. అమ్మాయి 2019లో, అబ్బాయి 2022లో కాలేజీలకి వెళ్లారు. నేను మాత్రం నలుగురికి కొంటూనే ఉన్నాను. అలవాటు కొద్దీ కాదు, ఫ్రిజ్ ఖాళీగా కనిపిస్తే నాకు తోచేది కాదు. ఆ ఏడు 2,100 కొన్నాం, 42 వచ్చింది, అదనంగా కట్టింది 60. మళ్లీ చిన్న కార్డుకి వచ్చేశాను. అమ్మ ఆ రోజు మాట్లాడకుండా ఎందుకు రాసిందో నాకు అప్పుడు తెలిసింది.

టైము చూస్తున్నారు కార్యదర్శిగారు. అయిపోవచ్చింది.

ఇంకొక్క సంగతి, ఈ కొట్టు ఎలా నడుస్తుందో తెలిస్తే మన ఆలోచన మారుతుంది. ఈ పద్ధతి 1976లో శాన్ డియేగోలో సాల్ ప్రైస్ అనే ఆయన మొదలుపెట్టాడు, ప్రైస్ క్లబ్ అని, పాత విమానాల షెడ్డులో. ముందు చిన్న వ్యాపారస్తుల కోసం. 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో వచ్చింది, 1993లో రెండూ కలిశాయి. సరుకు మీద లాభం తక్కువ వేసుకుంటారు, రకాలు కూడా తక్కువే పెడతారు, నాలుగు వేల లోపే. మరి లాభం ఎక్కడిది? 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీకి ఒక్క మెంబర్‌షిప్ రుసుముల మీదే 480 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆపరేటింగ్ లాభం 930 కోట్ల దాకా ఉంటే, అందులో సగానికి సమానం ఈ రుసుములే. ఇందులో మోసమేమీ లేదు, బాహాటంగా చెప్పే లెక్కే. నేను అనేది ఏమిటంటే, ఆ కొట్టులో మనం కొనే అన్నిటికంటే వాళ్లకి లాభసాటి సరుకు ఆ కార్డే. పప్పు చూసి, పురుగుందేమో గాలించి కొనేవాళ్లం, ఆ సరుకుని చూడకుండా కొంటున్నాం.

పెద్దవాళ్లున్న ఇళ్లకి ఒక మాట. 2025 జూన్ 30 నుంచి ఎగ్జిక్యూటివ్ వాళ్లని మిగతావాళ్లకంటే ముందుగా, పొద్దున తొమ్మిదికే లోపలికి రానిస్తున్నారు. వాకరుతో నడిచే అత్తగారో, చక్రాల కుర్చీలో నాన్నగారో ఉంటే, శనివారం మధ్యాహ్నం ఆ బండ్ల తొక్కిసలాటలో వాళ్లు పడే అవస్థ మీకు తెలుసు. మా మావయ్యగారికి అక్కడ నడవడం ఎంత ఇష్టమో. చల్లగా ఉంటుంది, నేల సమంగా ఉంటుంది, మనుషులు కనిపిస్తారు. పగలంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే పెద్దవాళ్లకి అదే బజారు. ఆ ప్రశాంతమైన గంట కోసం 65 డాలర్లు కడతానంటే నేను అడ్డు చెప్పను. అది రెండు శాతంలో తేలే లెక్క కాదు. ఈ పెద్ద కార్డు ఉండి, ఇన్‌స్టాకార్ట్ అనే ఇంటికి సరుకు చేరవేసే సర్వీసులో కాస్ట్‌కో సరుకు తెప్పించుకునేవాళ్లకి 150 డాలర్లు దాటిన ఆర్డరు మీద నెలకి 10 తగ్గిస్తున్నారు. ఇప్పటికే అలా తెప్పించుకునేవాళ్లయితే అదీ కలుపుకోండి. దానికోసం కొత్తగా మొదలుపెట్టకండి.

తీసేసుకున్నాం, ఇప్పుడెలా అంటారా? తృప్తి లేకపోతే ఎప్పుడైనా రద్దు చేసి రుసుము తిరిగిస్తామని కాస్ట్‌కో రాసిపెట్టింది. మెంబర్‌షిప్ కౌంటరు దగ్గరకి వెళ్లి అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మనలో చాలామంది నష్టపోయేది ఆ మొహమాటం దగ్గరే.

ఇప్పుడు నా ప్రసంగం ఆపి మీ చేత ఒక పని చేయిస్తాను. అందరూ ఫోన్లు తీయండి. తీయండమ్మా, నిజంగానే. మీ కాస్ట్‌కో ఖాతా తెరిస్తే ఆర్డర్స్ అండ్ పర్చేజెస్ అని ఉంటుంది, అందులో కొట్టుకి వెళ్లి కొన్న బిల్లులు కూడా కనిపిస్తాయి. గ్యాస్ బిల్లులు వదిలేయండి. కిందటి మూడు నెలలవి కూడి, నాలుగుతో హెచ్చించండి. 3,250కి పైనా, కిందా? పిల్లలూ, మీ అమ్మమ్మలకి చూపించండి ఎలా తెరవాలో. టీ వచ్చేలోపు అయిపోతుంది.

చూసినవాళ్లు గట్టిగా చెప్పండి. రెండో వరసలో ఎవరో చెయ్యెత్తారు. ఎంతమ్మా?