ఉప ఎన్నిక ఊసే లేని దేశంలో 27 ఏళ్లపాటు ఎంపీ: బార్‌బ్రో వెస్టర్‌హోల్మ్

[తెరపై: పసుపు రంగు బ్యాలెట్, బాగా దగ్గరగా]

స్వీడన్‌లో పార్లమెంటు బ్యాలెట్ పసుపుపచ్చగా ఉంటుంది. మున్సిపాలిటీది తెలుపు, రీజియన్‌ది నీలం. ఈ పసుపు కాగితం మీద పైన పార్టీ పేరు, కింద వరుసగా అభ్యర్థులు. ఆ వరుసలో ఎంత పైనుంటే సీటు అంత ఖాయం.

డాక్టర్ బార్‌బ్రో వెస్టర్‌హోల్మ్ ఇలాంటి జాబితాల మీదే రెండు విడతలుగా ఎంపీ అయ్యారు. 1988 నుంచి 1999 దాకా ఒకటి, 2006 నుంచి 2022 దాకా ఇంకోటి. రెండోసారి సభలో అడుగుపెట్టేనాటికి వయసు 73.

[తెరపై: ఆఫీసు మెట్లు, 1979]

అయితే ఆమె పేరు చెప్పగానే స్వీడన్‌లో చాలామందికి గుర్తొచ్చేది ఎంపీ కాకముందు సంగతి. 1979లో ఆమె జాతీయ ఆరోగ్య, సంక్షేమ బోర్డు డైరెక్టర్ జనరల్. స్వలింగ సంపర్కం అక్కడ 1944 నుంచే నేరం కాదు, కానీ బోర్డు జాబితాలో మాత్రం ఇంకా జబ్బే. ఆగస్టు 29న ఉద్యమకారులు వచ్చి బోర్డు మెట్ల మీద బైఠాయించారు. ఆమె వచ్చి వాళ్లతో మాట్లాడారు. అక్టోబరు 19 నుంచి ఆ పేరు జాబితాలో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పని చేసింది 1990లో!

[తెరపై: 349 = 310 + 39]

ఇక సీట్ల లెక్క. స్వీడన్ పార్లమెంటు రిక్స్‌డాగ్‌లో 349 సీట్లు, 29 నియోజకవర్గాలు. 310 సీట్లు నియోజకవర్గాలవి. మిగతా 39 సర్దుబాటు సీట్లు, అంటే దేశం మొత్తం మీద పడ్డ ఓట్లకు తగ్గట్టు పార్టీల వాటాను సరిచేసేవి. దేశంలో 4 శాతం ఓట్లు రాకపోతే పార్టీకి ఏమీ దక్కదు, ఎక్కడైనా ఒక నియోజకవర్గంలో 12 శాతం తెచ్చుకుంటే తప్ప. వెస్టర్‌హోల్మ్‌గారి లిబరల్ పార్టీకి ఈ 4 శాతమే గండం.

జాబితాలో కిందున్నవాళ్లకు దారి లేదా? ఉంది. ఓటరు ఒక పేరు పక్కన క్రాస్ పెట్టొచ్చు. ఇద్దరికి పెడితే ఓటు పార్టీకి నిలుస్తుంది, క్రాస్ మాత్రం చెల్లదు. నచ్చని పేరు కొట్టేసినా పట్టించుకోరు. నియోజకవర్గంలో పార్టీకి పడ్డ ఓట్లలో 5 శాతం క్రాసులు వస్తే వరుస దాటి పైకి రావచ్చు. 1998లో ఆ గీత 8 శాతం దగ్గర ఉండేది.

[తెరపై: ఖాళీ కుర్చీ]

1999లో ఆమె గడువు మధ్యలోనే సభ వదిలి, ఎస్‌పీఎఫ్ అనే వయోవృద్ధుల సంఘానికి అధ్యక్షురాలయ్యారు. మన దగ్గరైతే వెంటనే ఉప ఎన్నిక, జెండాలు, ప్రచార వాహనాలు. అక్కడ అదే పార్టీ జాబితాలోని ప్రత్యామ్నాయ సభ్యుల్లో వరుసలో ఉన్నవారు వచ్చి కూర్చుంటారు, అంతే. ఎంపీ మంత్రి అయినా ఇదే ఏర్పాటు. పదవి పోయాక తన సీటు తనకే.

తిరిగొచ్చాక ఆమె ఎక్కువగా పట్టుకున్నది వృద్ధుల సమస్యలు. దీనికి మామూలు సభ్యుడి చేతిలో ఉన్న పనిముట్టు మోషన్, అంటే సభ ముందు పెట్టే ప్రతిపాదన. సెప్టెంబరులో సభ మొదలయ్యాక కొన్ని వారాలపాటు ఎవరైనా, దేనిమీదైనా పెట్టొచ్చు. ఏటా వేలల్లో వస్తాయి, దాదాపు అన్నీ వీగిపోతాయి. వీగినదాన్నే మరుసటి ఏడు మళ్లీ పెడతారు. ఓపిక లేనివాళ్లకు ఇది బొత్తిగా పనికిరాని పనిముట్టు.

[తెరపై: 2018, 2022]

2018లో 85 ఏళ్ల వయసులో గెలిచి, సభలో అందరికన్నా పెద్దవారయ్యారు. పార్టీకి ఆ ఏడు దాదాపు 5.5 శాతం, 20 సీట్లు. ఆమె లేకుండా సాగిన 2022 ఎన్నికల్లో 4.6 శాతంతో గట్టెక్కింది, సీట్లు 16. మరుసటి మార్చిలో, 89 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.