చదివింపుల పళ్ళెం పక్కన ఒక కథ

సభకు నమస్కారం.

పెళ్ళి పందిరిలో ఎవరు ఎంత ఇచ్చారో పదిమందికీ వినిపించేలా పైకి చదివేవారు. వాటికి చదివింపులని పేరు. హరికథ నడుస్తుండగా దాసుగారు కథ ఆపి, ఫలానా వారు ఇన్ని రూపాయలు చదివించారని ప్రకటించి, వారిని దీవించి, మళ్ళీ కథలోకి వెళ్ళేవారు. వినడమూ ఇవ్వడమూ ఒకే పందిట్లో జరగడం మనకు పాత అలవాటే. రచయితలను పిలిచి, వారి రచనలు వారి చేతనే చదివించి, ఆ సభల్లో వచ్చే డబ్బుతో మన సంస్థ గ్రంథాలయాన్నీ పిల్లల అక్షరాల తరగతినీ నడుపుదామని నేను ప్రతిపాదించింది ఆ ధైర్యంతోనే.

అప్పుడు ఒక మిత్రుడు సూటిగా అడిగారు, చెన్నైలో తెలుగు చదివేవారే తగ్గిపోతుంటే వినడానికి ఎవరు వస్తారని. చదివేవారు తగ్గిన మాట నిజమే. విని అర్థం చేసుకునేవారు మాత్రం అంతగా తగ్గలేదు.

ఈ ఊరు ఒకప్పుడు తెలుగు అచ్చుకు పుట్టిల్లు. వావిళ్ల వారి ముద్రణాలయం 1854లో ఇక్కడే మొదలైంది. బొంబాయిలో 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక ఇక్కడి నుంచే వెలువడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత పత్రికలూ ప్రచురణ సంస్థలూ క్రమంగా తరలిపోయాయి. మనుషులందరూ తరలలేదు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతూ, బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుకున్న కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. వారికి తెలుగు చెవికి అందుతుంది, కంటికి అందదు. అచ్చయిన కథ వారిని చేరాలంటే ఎవరో ఒకరు పైకి చదవాలి.

మా మొదటి పఠన సభకు ఒక పెద్దావిడ వచ్చారు. చేతిలో పాత నోటు పుస్తకం, దాని నిండా తమిళ లిపిలో రాసుకున్న త్యాగరాజ కీర్తనలు. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. తేడా తెలియడానికి కొందరు అక్షరం పక్కన అంకెలు వేసుకుంటారు. ఆవిడ అదీ చేయలేదు, చిన్నప్పటి నుంచి విన్న జ్ఞాపకమే ఆధారం. ఆ రోజు రచయిత్రి చదివింది నెల్లూరు జిల్లా పల్లెలో జరిగే ఒక అత్తాకోడళ్ల కథ. సగంలో పెద్దావిడ ఉండబట్టలేక, "మా అమ్మ ఇలాగే అనేది" అన్నారు పైకే. రచయిత్రి ఆగి, నవ్వి, ఆ వాక్యాన్ని ఆవిడ వైపు చూస్తూ మళ్ళీ చదివారు. కథ ముగిశాక పెద్దావిడ ఆ పుస్తకం కొన్నారు. తనకు చదవడం రాదు కదా అంటే, మనవరాలి చేత చదివించుకుంటానన్నారు. ఆ అమ్మాయి మన ఆదివారం తరగతిలో చేరింది. ఇప్పుడు గుణింతాలు దాటి వత్తుల దగ్గరికి వచ్చింది.

ఇలాంటిది జరగాలంటే సభలో చదవడమే ప్రధానంగా ఉండాలి. అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అందరూ అయ్యేసరికి రచయితకు పది నిమిషాలు మిగలడం నేను ఎన్నోసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. మేము వేదిక మీద ఒకే కుర్చీ, ఒకే మైకు ఉంచుతున్నాం. పరిచయం రెండు నిమిషాలు. శాలువా, జ్ఞాపిక లేవు, ఆ ఖర్చును రచయిత పారితోషికంలో కలుపుతున్నాం. మంచి పని కోసమే కదా, రచయిత ఉచితంగా రావచ్చు కదా అనేవారున్నారు. హాలుకూ మైకుకూ అద్దె ఇస్తాం, కాఫీ తెచ్చినవారికి డబ్బులిస్తాం. ఎవరి మాట వినడానికి ఇంతమంది వచ్చారో ఆ మనిషికి మాత్రం ఇవ్వకపోవడం న్యాయం కాదు. తీసుకున్నది వారు సంస్థకే తిరిగి ఇస్తే అది వారి ఇష్టం, మనం అడగకూడదు.

చదవబోయే భాగాన్ని ముందే ఎంచుకుని, ఇంట్లో గడియారం పెట్టుకుని ఒకసారి పైకి చదివి చూడమంటాం. ఇరవై నిమిషాలు, కాస్త విరామం, మరో పదిహేను నిమిషాలు. సంభాషణలున్న కథ చెవిలో నిలుస్తుంది. పొడవైన వర్ణన పుటలో ఎంత అందంగా ఉన్నా హాల్లో జారిపోతుంది. కవితను రెండుసార్లు చదవమంటాం. రచయితలందరూ బాగా చదవలేరు, నటులను పిలుద్దామన్న సూచన కూడా వచ్చింది. గొంతు సన్నగా ఉన్నా, మధ్యలో తడబడినా, నాకు రచయిత చదవడమే ఇష్టం. ఏ మాట దగ్గర ఆగాలో రాసినవారికి తెలుసు.

రాలేని రచయిత రచననో, గతించిన రచయిత రచననో మరొకరు చదివేటప్పుడు హక్కుల సంగతి చూసుకోవాలి. అచ్చయిన రచనలోంచి సబబైన మేరకు కొంత భాగాన్ని బహిరంగంగా చదవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. కథ మొత్తం చదవాలంటే హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకుంటున్నాం. రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు నిండితే ఆ అవసరం లేదు.

ఇక డబ్బు. ప్రవేశానికి టికెట్ పెట్టలేదు, పెట్టకూడదని నా పట్టుదల. డిసెంబరులో ఈ ఊరి సంగీత సభలను, అంటే కచేరీలు నడిపే సంస్థలను, చూడండి. చాలా చోట్ల మధ్యాహ్నపు కచేరీలు ఉచితం, టికెట్లు సాయంత్రాలకే. సభలకు దన్నుగా నిలిచేది సభ్యులూ దాతలూ. మనకూ సంవత్సర చందాదారులు కావాలి. పుస్తకాల అమ్మకంలో వచ్చే కమీషన్, తలుపు దగ్గరి పళ్ళెం దానికి తోడు. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారా ఇవ్వండి.

పాత చదివింపుల్లో దాత పేరు చదివేవారు. మేము పేర్లు చదవడం లేదు, పది రూపాయలు వేసినవారు చిన్నబుచ్చుకోకూడదని. లెక్క మాత్రం ప్రతి సభ చివరా పైకి చదువుతున్నాం: ఎంత వచ్చింది, రచయితకు ఎంత, హాలుకు ఎంత, పిల్లల పలకలకూ పుస్తకాలకూ ఎంత మిగిలింది.

వచ్చే నెల సభ మూడో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు. ముందు రెండు వరుసలు తెలుగు లిపి రానివారికి ఉంచుతున్నాం. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటివారుంటే వెంటబెట్టుకుని రండి. పెద్దావిడ వస్తానని కబురు పంపారు. ఈసారి తలుపు దగ్గర కూర్చుని రసీదులు రాసేది ఆవిడ మనవరాలే, తెలుగులో.