ఫిల్టర్ ధర అడిగే ముందు ట్యాంకు మూత తీయండి

(విజయవాడ ఆటోనగర్‌లో మెషిన్ షాపుల యజమానులు, ఆపరేటర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. రోజంతా మెషిన్ల దగ్గర నిలబడి కూడా ఇంతమంది వచ్చారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

మెషిన్‌లో కోత జరిగేచోట వేడి తగ్గించడానికి పోసే ద్రవమే కూలెంట్. దాన్ని వడగట్టే కూలెంట్ ఫిల్టర్ గురించి మాట వస్తే చాలామంది మొదట అడిగేది, "ఎన్ని మైక్రాన్లది కొనాలి?" అని. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.) ఆ వెంటనే, "ఎంతవుతుంది?" అని. ఈ రెండూ చివర్లో అడగాల్సిన ప్రశ్నలని నా అభిప్రాయం. మీ ట్యాంకులో తిరుగుతున్న మురికి ఏమిటో ముందు తెలియాలి. లారీ క్రాంకులు గ్రైండింగ్ చేసేవారి మురికి వేరు. గుంటూరు వైపు జిన్నింగ్ మిల్లులకు షాఫ్టులు తిప్పే లేత్ మురికి వేరు. అల్యూమినియం హౌసింగులు మిల్లింగ్ చేసే వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) మురికి ఇంకా వేరు. పక్క షాపులో బాగా పనిచేస్తున్న ఫిల్టరే మన దగ్గర ఎందుకూ పనికిరాకుండా పోవడానికి కారణం ఇదే.

మురికి ఏమిటో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. పొడవాటి, రంగులేని గాజు సీసా ఒకటి చాలు. మెషిన్ నడుస్తుండగా నాజిల్ దగ్గర కూలెంట్ పట్టండి. ట్యాంకు అడుగు నుంచి తోడకండి, ఎందుకంటే జాబు మీద, అంటే మనం కోసే ముక్క మీద, ఏం పడుతోందో అదే మనకు కావాలి. సీసాను కదలకుండా ఒక మూల పెట్టి 5 నిమిషాల తర్వాత ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి, మర్నాడు ఉదయం ఇంకోసారి చూడండి. మర్నాడు అడుగున పేరుకున్న రజను పక్కన, గాజు బయటి నుంచి ఒక అయస్కాంతం జరిపి చూడండి. పాత స్పీకర్‌లోది అయినా సరే. ఎంత రజను దాని వెంట కదిలింది, ఎంత కదలకుండా ఉండిపోయింది, పైన ఆయిల్ పొర ఎంత మందాన తేలింది అన్న ఈ మూడు సంగతులూ ఒక కాగితం మీద రాసుకుంటే ఫిల్టర్ ఎంపిక సగం అయిపోయినట్టే.

ఇప్పుడు కొంచెం లెక్క చెబుతాను, ఓపిగ్గా వినండి. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం ఉంటుంది. 50 మైక్రాన్ల ఇనుప రజను, కదలని నీళ్లలో ఒక అడుగు లోతు దిగడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. అదే రజను 10 మైక్రాన్లదైతే అదే అడుగు దిగడానికి సుమారు 13 నిమిషాలు. 5 మైక్రాన్లదైతే దాదాపు గంట. సైజు సగానికి తగ్గితే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. బరువు కూడా తోడవుతుంది. అదే 10 మైక్రాన్ల అల్యూమినియం రజనుకు గంట దగ్గర దగ్గర పడుతుంది, గ్రైండింగ్ వీల్ నుంచి రాలిన రాయి పొడికి అరగంట.

మీ ట్యాంకు 200 లీటర్లు, పంపు నిమిషానికి 40 లీటర్లు తోడుతుంది అనుకోండి. మొత్తం కూలెంట్ 5 నిమిషాల్లో ఒక చుట్టు తిరిగొస్తుంది. 50 మైక్రాన్ల రజనుకు అడుగుకు చేరేంత టైము దొరుకుతుంది. 10 మైక్రాన్లదానికి దొరకదు, అది మళ్లీ పంపులోకి, మళ్లీ జాబు మీదికి వెళ్తుంది. అందుకే పెద్ద తునకలు వచ్చే లేత్, డ్రిల్లింగ్ పని మాత్రమే ఉన్న షాపు ఖరీదైన ఫిల్టర్ కొనక్కర్లేదు. ట్యాంకులో రెండు అడ్డుపలకలు వెల్డింగ్ చేయించి, తిరిగొచ్చే కూలెంట్‌ను చుట్టు తిప్పి పంపిస్తే, ముందు ఒక జాలీ పెడితే, చిప్స్ చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఈ మాట ఫిల్టర్లు అమ్మేవాళ్లకు నచ్చకపోవచ్చు, కానీ డబ్బు పెట్టేది మీరు.

గ్రైండింగ్ సంగతి అలా కాదు, అక్కడ ఫిల్టర్ తప్పనిసరి. రాయి నుంచి ఊడిన గింజ కూలెంట్‌తో తిరిగొచ్చి వీల్‌కూ జాబుకూ మధ్య దూరితే, ఫినిషింగ్ మీద చిన్న తోకలాంటి గీత పడుతుంది. వీల్ గ్రేడ్ తప్పని, డ్రెస్సింగ్ (వీల్ ముఖాన్ని చెక్కి సరిచేయడం) సరిగ్గా లేదని ఆపరేటర్ మీద కేకలు వేస్తాం. అసలు తప్పు చాలాసార్లు ట్యాంకులో ఉంటుంది. క్రాంకులో బేరింగ్ లోపల తిరిగే జర్నల్ భాగానికీ, బేరింగ్‌కూ మధ్య నిలిచే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే. జర్నల్ మీద గీతలున్న క్రాంకును లారీకి ఎక్కిస్తే ఆ బేరింగ్ ఎన్నాళ్లు బతుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ బండి యజమాని మళ్లీ మన షాపు గుమ్మం ఎక్కడు.

గ్రైండింగ్‌కు మొదట చూడాల్సింది మాగ్నెటిక్ సెపరేటర్. లోపల అయస్కాంతాలున్న డ్రమ్ము మెల్లగా తిరుగుతూ రజనును పట్టుకుంటుంది, ఒక బ్లేడు దాన్ని గీకి బయట పడేస్తుంది. మార్చాల్సిన పేపరూ లేదు, సంచీ లేదు. స్టీలుకు, కాస్ట్ ఐరన్‌కు ఇది చాలా మంచి పరికరం. కానీ అల్యూమినియం, ఇత్తడి, గన్‌మెటల్ దీనికి అంటవు. 304, 316 రకం స్టెయిన్‌లెస్ కూడా సరిగ్గా అంటదు. రాయి పొడి కూడా అంటదు. స్టీలు రజనులో చిక్కుకున్నంత వరకు బయటికి వస్తుంది, మిగతాది దాటిపోతుంది. సీసాలో అయస్కాంతానికి కదలని రజను ఎక్కువ కనిపించిందంటే మాగ్నెటిక్ ఒక్కటే చాలదని అర్థం, దాని వెనక పేపర్ ఫిల్టర్ కూడా పెట్టాలి.

కెపాసిటీ దగ్గర జాగ్రత్తగా ఉండండి. కాగితం మీద నిమిషానికి ఇన్ని లీటర్లు అని రాసేది సాధారణంగా నీళ్లు కలిపిన కూలెంట్‌కు. హోనింగ్ ఆయిల్ లాంటి చిక్కటి దానికి అది దాదాపు సగానికి పడిపోతుంది. ఆయిల్‌కు ఎంతో విడిగా అడిగి రాయించుకోండి. మీ పంపు అసలు ఎంత తోడుతోందో కూడా కొలవండి. 20 లీటర్ల బకెట్ 30 సెకన్లలో నిండితే నిమిషానికి 40 లీటర్లు. ఆ లెక్కకు ఒకటిన్నర రెట్ల కెపాసిటీ ఉన్నది తీసుకుంటే, రద్దీ రోజుల్లో కూడా పొంగదు.

పేపర్ ఫిల్టర్ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే దీని మీదే అపోహలు ఎక్కువ. పేపర్ అంటాం గానీ అది నేయని గుడ్డ రోల్. కూలెంట్ దాని మీద పడుతుంది, రజను పొరగా పేరుకుంటుంది, కూలెంట్ మట్టం పెరిగి ఫ్లోట్ లేస్తే మోటార్ కొంచెం కొత్త గుడ్డను ముందుకు లాగుతుంది. అసలు వడపోత చేసేది ఆ పేరుకున్న పొరే. కాఫీ ఫిల్టర్‌లో చిల్లుల పళ్లెం కంటే పైనున్న పొడి పొర డికాషన్‌ను వడగట్టినట్టన్న మాట. అందుకే మరీ సన్నటి గుడ్డ కొంటే మంచిదనుకోవడం పొరపాటు. అది తొందరగా మూసుకుపోయి రోల్ పరుగులు పెడుతుంది. ఫ్లోట్ మరీ కిందికి సెట్ చేసినా అంతే, పొర కట్టకముందే గుడ్డ ముందుకు పోతుంది. మైక్రాన్ అంకె చెప్పినప్పుడు, "ఆ సైజు రజనులో నూటికి ఎంత ఆపుతుంది?" అని అడగండి. నామినల్ అంటే కొంతవరకు ఆపుతుందని మాత్రమే. అబ్సల్యూట్ అంటే దాదాపు అంతా ఆపుతుందని. ఆ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. ఇంకొకటి, రోల్ వెడల్పు మార్కెట్‌లో మామూలుగా దొరికే సైజేనా? ఒక్క కంపెనీ దగ్గరే దొరికే సైజు అయితే, మెషిన్ ధర కంటే రోల్ ధరే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతుంది.

హైడ్రోసైక్లోన్ అని ఒకటి ఉంది. గుడ్డ, సంచి ఏమీ లేకుండా, కూలెంట్‌ను ఒత్తిడితో గిర్రున తిప్పి బరువైన రజనును విడదీస్తుంది. "ఖర్చులేని ఫిల్టర్" అంటూ అమ్ముతారు. పలచటి కూలెంట్, స్టీలు రజను అయితే బాగానే పనిచేస్తుంది. అల్యూమినియం తేలిక కాబట్టి సరిగ్గా విడిపోదు. చిక్కటి ఆయిల్‌కు పనికిరాదు. ట్యాంకు మీద ఆయిల్ తేలుతుంటే దాన్ని కూడా కూలెంట్‌లోకి చిలికేస్తుంది, నురగ కూడా లేస్తుంది. సీసా పైన ఆయిల్ పొర మందంగా కనిపించినవాళ్లు దీని జోలికి వెళ్లకండి.

చిన్న షాపుకు, కూలెంట్‌ను సంచి గుండా వడగట్టే బ్యాగ్ ఫిల్టర్ మంచి మార్గం. రెండు హౌసింగులు పక్కపక్కన పెట్టి మధ్యలో వాల్వ్ పెడితే, మెషిన్ ఆపకుండానే సంచి మార్చవచ్చు. ముందూ వెనకా ప్రెషర్ గేజ్ తప్పకుండా ఉండాలి, లేకపోతే సంచి ఎప్పుడు నిండిందో తెలియదు. స్పిండిల్ గుండా 70 బార్ ఒత్తిడితో కూలెంట్ పంపే వీఎంసీ ఉన్నవాళ్లు మాత్రం ఆ పంపు తయారీదారు ఎన్ని మైక్రాన్లు అడిగాడో అదే పాటించండి. అక్కడ ఫిల్టర్ కాపాడేది పంపును.

ఏ ఫిల్టర్ కొన్నా కొనకపోయినా, మొదటి డబ్బు, తేలే ఆయిల్‌ను బెల్టుతో తీసేసే బెల్ట్ స్కిమ్మర్ మీద పెట్టండి. ఇది నా గట్టి అభిప్రాయం. స్లైడ్‌వేల (మెషిన్ భాగాలు జారే పట్టాల) నుంచి, హైడ్రాలిక్స్ నుంచి కారిన ఆయిల్ కూలెంట్ మీద మూతలా పరుచుకుంటుంది. ఆదివారం మెషిన్ ఆగితే కింద గాలి ఆడదు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరిగి, సోమవారం పొద్దున కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పేపర్ రోల్ తొందరగా మూసుకుపోవడానికి కూడా ఈ ఆయిలే కారణం. స్కిమ్మర్‌కు టైమర్ పెట్టి, పంపు ఆగి ఆయిల్ తేలిన తర్వాత నడపండి. రోజంతా నడిపితే మంచి కూలెంట్‌ను కూడా లాగేస్తుంది. సెలవు రోజుల్లో చేపల తొట్టెకు వాడే చిన్న గాలి పంపు ట్యాంకులో వేసి ఉంచినా వాసన చాలా తగ్గుతుంది.

ఫిల్టర్ చేయలేని పని కూడా ఒకటి ఉంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం, కూలెంట్ కోసం నీళ్లలో కలిపే సాల్యుబుల్ ఆయిల్‌ను విరగ్గొట్టి తెట్టు కడతాయి. రోహిణి కార్తె ఎండలకు నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఆ లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. అందుకే ఆర్వో నీళ్లు కలపండి. నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. కూలెంట్‌లో ఆయిల్ ఎంత ఉందో చూపే రిఫ్రాక్టోమీటర్‌తో వారానికి రెండుసార్లయినా చూడండి. రీడింగ్‌ను ఆయిల్ కంపెనీ ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణిస్తేనే అసలు శాతం వస్తుంది. పీహెచ్ సాధారణంగా 8.5కూ 9.5కూ మధ్య ఉండాలి. అది దిగిపోతుంటే బ్యాక్టీరియా పెరుగుతున్నట్టు.

ఆపరేటర్ల చేతుల గురించి కూడా చెప్పాలి. రజను నిండిన కూలెంట్ రోజూ తగిలి, దానికి మురికి గుడ్డతో తుడుచుకోవడం తోడై, వేళ్ల మధ్య చర్మం పగిలిపోతుంది. దురద మొదలైన కుర్రాడు నాలుగు రోజులు చెప్పకుండా ఓర్చుకుంటాడు, ఎందుకంటే పని పోతుందేమోనని భయం. ఫిల్టర్ ఖర్చు లెక్కేసేటప్పుడు ఆ చేతుల్ని కూడా లెక్కలోకి తీసుకోండి.

చివరగా, బయటికి తీసిన మడ్డి. వాడేసిన ఆయిల్, ఆయిల్ అంటిన వ్యర్థాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి. కాబట్టి మడ్డినీ, వాడేసిన పేపర్‌నూ, స్కిమ్మర్ తీసిన ఆయిల్‌నూ మూత ఉన్న డ్రమ్ముల్లో విడివిడిగా దాచండి. 90 రోజులు దాటి ఉంచకూడదు. బందరు కాలువ, రైవస్ కాలువ నీళ్లు కిందున్న పొలాలకు పోతాయి, డ్రైన్‌లో పోసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఏపీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి. ఫిల్టర్ కొనేటప్పుడే అది రోజుకు ఎంత మడ్డి తీస్తుందో, ఎంత తడిగా తీస్తుందో అడగండి. తడి మడ్డి అంటే మంచి కూలెంట్‌ను కూడా డ్రమ్ముకెత్తి పంపడమే. మడ్డిని పిండే ఒత్తుడు రోలర్ ఉన్న మాగ్నెటిక్ సెపరేటర్‌కు నాలుగు రూపాయలు ఎక్కువైనా నేను దాన్నే కొనమంటాను.

ఇక మీ ప్రశ్నలు అడగండి. గ్రైండింగ్ వాళ్లవి ముందు తీసుకుందాం.