రామప్ప గుడి చూశాక చెరువు కట్ట ఎక్కండి

హోస్ట్: నమస్తే. ఈ రోజు మనతో ములుగులో పుట్టి పెరిగిన అక్క ఉన్నారు. అక్కా, ములుగు జిల్లా ఏర్పడింది 2019లో. అంటే ఇంకా పసిదే!

అక్క: జిల్లా కొత్తదే తమ్ముడూ, మనుషుల జాడ మాత్రం చాలా పాతది. తాడ్వాయి అడవిలో దామరవాయి దగ్గర ఇనుప యుగం నాటి రాతి సమాధులు ఉన్నాయి. బండలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పారు. ఊళ్లో వాటిని రాకాసి గుళ్లు అంటారు.

హోస్ట్: ఎక్కువ మంది వచ్చేది మాత్రం రామప్పకే కదా?

అక్క: రావాల్సిందే! 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. లోపలున్న స్వామి రుద్రేశ్వరుడు. రామప్ప శిల్పి పేరని చెప్పుకుంటారు. ప్రభువు పేరు శాసనంలో ఉంది, పనివాడి పేరు జనం నోట్లో ఉంది. ఆ మాట నాకు భలే ఇష్టం.

హోస్ట్: నీళ్లలో తేలే ఇటుకలు అంటారు, నిజమేనా?

అక్క: నిజమే. శిఖరం బరువు తగ్గాలని అంత తేలిక ఇటుకలు కాల్చారు. పునాది గోతిలో ఇసుక నింపి, దాని మీద గుడి లేపారు. నల్లరాతి మదనికలు, అంటే నాట్యకత్తెల శిల్పాల దగ్గరికొస్తే నేను గంటసేపు కదలను. కాకతీయుల నాటి పేరిణి నాట్యానికి నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు మళ్లీ ప్రాణం పోసింది కూడా ఈ శిల్పాలను చూసే.

హోస్ట్: 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రద్దీ పెరిగి ఉంటుంది.

అక్క: జనం వస్తున్నారు, సంతోషమే. కానీ ఫొటోలు దిగి అటే వెళ్లిపోతారు. పక్కనే చెరువుంది కదా! గుడి కట్టించినవాళ్లే తవ్వించారు. దేవుడికి గుడి, పొలానికి నీళ్లు, రెండూ ఒకే ఆలోచన. ఇదే జిల్లాలోని లక్నవరం చెరువూ కాకతీయులదే, కొండల మధ్య సందులకు అడ్డంగా కట్టలు పోశారు. చెరువు చూడకుండా వెళ్తే సగమే చూసినట్టు.

హోస్ట్: అయితే నేనూ సగమే చూశాను అక్కా.

అక్క: ఈసారి వానలు పడ్డాక రా. సాయంత్రం కట్ట మీద నిలబడు. ఒక వైపు నీళ్లు, ఇంకో వైపు పచ్చని వరి. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ నీళ్లే పారుతున్నాయి.