కూలి వేరు, కట్టె వేరు
(విశాఖపట్నంలో ఒక కాలనీ వారి కార్తీక వనభోజనాల్లో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, కాలనీ పెద్దలకు, అమ్మలకు, అయ్యలకు, పులిహోర ఎప్పుడు వడ్డిస్తారా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం. శాలువా ముందే కప్పేశారు కాబట్టి, నా మాటలు నచ్చకపోయినా వెనక్కి అడగరని ధైర్యం.

ఉసిరి చెట్టు కింద భోజనం చేసే రోజు కదా, చెట్ల గొప్పతనం గురించి పది నిమిషాలు చెప్పమని కార్యదర్శిగారు అన్నారు. అది మీకు తెలియంది కాదు. తెలియకపోతే ఇంత దూరం వచ్చి ఈ తోటలో చాపలు పరవరు. నేను చెట్టెక్కే మనుషుల గురించి చెబుతాను. నాది కొమ్మలు కొట్టించే పని. అపార్ట్‌మెంట్లు, స్కూళ్లు, పాత బంగళాలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి మా కుర్రాళ్లతో వెళ్తాను.

పని దగ్గరికి వెళ్లగానే ఎవరూ ఎక్కేయరు. ముందు చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ. చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు లేచాయా, కాండం మీద కొడితే డొల్ల చప్పుడు వస్తోందా, పైన కందిరీగల తుట్టె ఉందా, ఎర్ర చీమలు ఆకులు కుట్టి గూళ్లు పెట్టాయా, ఇవన్నీ చూస్తాం. కొమ్మల్లో కరెంటు తీగ దూరి ఉంటే లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపామని లైన్ క్లియర్, తీసుకోవాల్సిందే. అప్పటికీ మాకు టెన్షన్ పోదు. ఆ వీధిలో ఎవరో జనరేటర్‌కి అడ్డదిడ్డంగా కనెక్షన్ ఇచ్చి ఉంటే, ఆపిన తీగలోకి కూడా కరెంటు వెనక్కి వస్తుంది. అందుకే తీగకి ఎర్త్ చేసేదాకా కింద నిలబడే ఉంటాం. అప్పుడే ఎవరో ఒకరు బాల్కనీలోంచి అడుగుతారు: ‘ఏంటయ్యా, పొద్దుటి నుంచీ ఖాళీగా నిలబడ్డారు?’

చెట్టుని బట్టి జాగ్రత్త. మునగ కొమ్మ మీద కాలు పెట్టేవాడు మాలో లేడు. నేరేడు చూపులకి గట్టిగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. చింత కొమ్మని నమ్మొచ్చు, కాకపోతే రంపం పళ్లు అరిగిపోతాయి. ఎర్రగా పూసే తురాయి ఉంది చూశారూ, మీరంతా ఫోటోలు తీసుకునేది, పైన ఆకు పచ్చగానే ఉంటుంది, లోపల మాను పుచ్చిపోయి ఉంటుంది.

మా జట్టులో ఒక పెద్దాయన ఉండేవాడు. తాటిచెట్లు గీసి కల్లు తీసిన కుటుంబం. మనిషినీ మానునీ కలిపి చుట్టే మోకు వేసుకుని తాటిచెట్టు ఎక్కితే చూడముచ్చటగా ఉండేది. కానీ తాటిచెట్టుకి కొమ్మలుండవు. వేపచెట్టుకి ఉంటాయి. కొమ్మ అడ్డొచ్చిన ప్రతిచోటా మోకు విప్పి, కొమ్మ దాటాక మళ్లీ కట్టాలి. విప్పినప్పుడు మనిషిని పట్టి ఉంచేది ఏమీ లేదు. ఇప్పుడు మేం వాడే పద్ధతి వేరు. చిన్న ఇసుక సంచీకి సన్నటి తాడు కట్టి, పైన గట్టి పంగ చూసి దాని మీదుగా విసురుతాం. ఆ సన్న తాడుతో అసలు తాడుని పైకి లాగుతాం. నడుముకీ తొడలకీ హార్నెస్, అంటే బరువు మోసే పట్టీలు. తాడు మీద ఇంకో చిన్న తాడుతో ముడి వేస్తాం. పైకి తోస్తే జరుగుతుంది, బరువు పడితే బిగుస్తుంది. కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా కొండలెక్కే ఆయన 1931లో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు, అందుకే ప్రూసిక్ ముడి అంటారు. పెద్దాయనకి పేరు నోరు తిరగక ‘పురుషుగాడి ముడి’ అనేవాడు.

పైన మోటారు రంపం వాడాలంటే, స్టార్ట్ చేసే ముందే రెండో తాడు మానుకి చుట్టి కట్టుకోవాలి. ఎందుకంటే రంపానికి కొమ్మ ఏదో తాడు ఏదో తెలియదు. ఒకటి తెగితే ఇంకోటి ఉండాలి. తలకి హెల్మెట్, కళ్లకి జాలీ, చెవులకి మూతలు. ఇవన్నీ కొనాలంటే డబ్బులు కావాలి. ఆ డబ్బుల సంగతికే వస్తున్నాను. ముందు హుద్‌హుద్ తుపాను గురించి చెప్పాలి. విశాఖవాళ్లని కూర్చోబెట్టి హుద్‌హుద్ గురించి చెప్పకుండా ఎలా దిగిపోతాను?

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలి మీలో చాలామంది విన్నారు, నేను వర్ణించక్కర్లేదు. మర్నాడు ఊళ్లో ఏ వీధికి ఆ వీధే మూసుకుపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రంపంలో పోయడానికి పెట్రోలు కోసం బంకు దగ్గర బారులు.

ఒక ఇంట్లో పెద్ద నిద్రగన్నేరు వేళ్లతో సహా లేచి ప్రహరీ మీద పడింది. వేళ్లు మట్టితో సహా మనిషి ఎత్తున గోడలా నిలబడ్డాయి, వెనకాల పెద్ద గొయ్యి. పిల్లలు అందులోకి దిగి ఆడుతున్నారు. పెద్దవాళ్లు ఫోటోలు తీస్తున్నారు. మా పెద్దాయన వాళ్లని చూసి రంపం కింద పెట్టేశాడు. ‘గోతిలోంచి అందరూ వస్తేగానీ ఈ రంపం స్టార్ట్ చేసే తాడు లాగను’ అన్నాడు. ఇంటాయన లోపలి నుంచి అరుస్తున్నాడు, కారు బయటికి రావాలి, తొందరగా కానీ అని. ఈయన చుట్ట వెలిగించుకుని అరుగు మీద కూర్చున్నాడు. పావుగంట తిట్లు తిన్నాడు. చివరికి పిల్లలు బయటికొచ్చారు. అప్పుడు లేచి, ముందు చిటారు కొమ్మలు తీసి, తర్వాత మాను కోశాడు. కోత పూర్తవగానే, అన్నేసి టన్నుల మాను బరువు వదిలేసరికి, మొద్దు దానంతటదే లేచి నిలబడి, దభీమని ఆ గోతిలో కూర్చుంది. కాళ్ల కింద నేల అదిరింది. ఆ పిల్లల్ని తల్లులు పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది.

చప్పట్లు ఇప్పుడు వద్దండి. తర్వాత జరిగింది వినండి.

సాయంత్రం డబ్బులడిగితే ఇంటాయన దుంగల వైపు చూపించి, ‘అవన్నీ మీరే పట్టుకుపోండి, సరిపోతుంది కదా’ అన్నాడు.

ఇదే నా బాధ. ఆయనొక్కడే కాదు, ఊళ్లో సగం బేరాలు ఇలాగే తెగుతాయి. కొమ్మలు కొట్టు, కట్టె నువ్వే తీసుకో. మీకేమో పైసా ఖర్చు లేకుండా పనైపోయిందని సంతోషం. ఒక్కసారి ఎక్కేవాడి వైపు నుంచి ఆలోచించండి. ఎండిన పుల్లలు, తీగకి తగిలే సన్న రెమ్మలు కొడితే వాడికి ఏమొస్తుంది? ఏమీ రాదు. తొడ లావు కొమ్మ కొడితే కట్టెలు కొనే అడితీలో తూకానికి డబ్బులొస్తాయి. మరి వాడు ఏది కొడతాడు? చెట్టుకి ఏది ముఖ్యమో అదే కొడతాడు. తర్వాత మీరే బయటికొచ్చి, అయ్యో, చెట్టుని బోడి చేసేశాడు అని వాడినే తిడతారు. బోడి చేయమని బేరం కుదిర్చింది ఎవరు సార్?

తల తెగిన చెట్టు ఆ కోత దగ్గర గుబురుగా చిగురు వేస్తుంది. చూసి మురిసిపోతాం. ఆ చిగుళ్లు బెరడు కిందనుంచి పైపైన పుట్టినవి, లోపలి చెక్కలో పట్టు ఉండదు. నాలుగేళ్లకి అవే కొమ్మలై బరువెక్కుతాయి, ఈలోగా కోత దగ్గర పుచ్చు దిగుతుంది. వచ్చే తుపానుకి మీ కారు మీద పడేది అవే.

కోయడానికి ఒక లెక్కుంది. లావు కొమ్మని మూడు కోతల్లో తీయాలి. మానుకి అడుగు దూరంలో కింది నుంచి కొంచెం కోయాలి. ఇంకాస్త అవతల పై నుంచి పూర్తిగా కోయాలి. కింది కోత లేకపోతే, కొమ్మ పడుతూ పడుతూ మాను బెరడంతా చీల్చుకుపోతుంది. చివరగా మిగిలిన ముక్క తీయాలి. అది మానుకి ఆనించి కాదు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఒక మడత ఉంటుంది, దానికి బయటే కోయాలి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అనే శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి చూసి, చెట్టు దెబ్బని మనలా మానిపించుకోదు, పుచ్చు లోపలికి దిగకుండా గోడలు కట్టుకుంటుంది అని చూపించాడు. ఆ మడతలోనే ఆ శక్తి ఉంది. అది కోసేసి పైన తారు పూస్తే ఉపయోగం లేదు. తారు డబ్బా పట్టుకొచ్చే పెద్దమనుషులు ఈ సభలోనూ ఉన్నారు, పేర్లు చెప్పను.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. అయిపోవచ్చిందండి.

నేను అడిగేది ఒక్కటే. మీ కాలనీలో ఈసారి కొమ్మలు కొట్టించేటప్పుడు, నాకే ఇవ్వక్కర్లేదు, ఎవరికిచ్చినా సరే, కాగితం మీద కూలి వేరుగా రాయండి, కట్టె వేరుగా రాయండి. కట్టె కాలనీదే. అమ్ముకోండి, గుడికి ఇవ్వండి, మీ ఇష్టం. ఏ కొమ్మ తీయాలో ముందే సుద్దతో గీత పెట్టండి. హార్నెస్ లేకుండా వచ్చినవాణ్ని ఎక్కనివ్వకండి. రేటు ఎక్కువవుతుంది, అవును. చెట్టుని మొత్తంగా తీసేయాలంటే మాత్రం నన్ను అడగకండి, నీరు, నేల, చెట్ల కోసం చేసిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది, ముందు పర్మిషన్ తెచ్చుకోవాలి.

భోజనాలయ్యాక ఆ బావి పక్క మామిడి దగ్గరికి రండి. ఎవరో మొన్నీమధ్యే కొట్టారు, మానుకి ఆనించి, మడత లేకుండా. దాని పక్క కొమ్మ మీద మడత ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను. హార్నెస్ వ్యాన్‌లో ఉంది, పిల్లలు వేసుకుని చూడొచ్చు. చెట్టు మాత్రం ఎక్కించను.